కడుపులో పడ్డ ముడి
ఊళ్లో మురుగు పైపులు బాగుచేసే గొట్టాలాయన దగ్గితే రెండు వీధుల అవతల మూసుకుపోయిన పైపు తెరుచుకుంటుందని అతని బావమరిది చెబుతాడు. ఆ మాటల్లో ముప్పావు వంతు కోతలని కొట్టిపారేసినా, అతను మంచి పనివాడే.

అలాంటి మనిషి కడుపు ఒక మధ్యాహ్నం బిగుసుకుపోయింది. గాలి కూడా బయటికి పోలేదు. పొట్ట ఉబ్బి చొక్కా గుండీలు పట్టలేదు. అతనికి తెలిసిన వైద్యం ఒక్కటే: అడ్డం పడితే పైనుంచి నీళ్లు తోయాలి. చెంబులకు చెంబులు తాగాడు. తాగినవన్నీ పచ్చగా నోటినుంచే తిరిగొచ్చాయి.

"ఏమయ్యా, అది కడుపా, కాలవా? లే, ఆస్పత్రికి పోదాం," అంది భార్య.

"ఆగవే, కాసేపట్లో అదే వదులుతుంది."

"ఈసారి నువ్వే ఓడిపోయావులే బావా, పద," అంటూ బావమరిది బండెక్కించాడు.

స్కాన్ చూసిన డాక్టరమ్మ మంచం పక్కనే కూర్చుంది. "చిన్నపేగు పెద్దపేగును చుట్టేసుకుని ముడి పడింది. ఎక్కడో ఒకరికి వస్తుంది ఇలా. రక్తం ఆడక రెండూ చచ్చిపోతున్నాయి. వెంటనే పొట్ట కోయాలి."

"ముడే కదమ్మా, విప్పేయండి. కోయడమెందుకు?" అన్నాడు గొట్టాలాయన.

"కుళ్లిన పేగును విప్పితే విషం ఒళ్లంతా పాకుతుంది. ముడితో సహా తీసేయాలి. తర్వాత కొన్నాళ్లు మలం పొట్టమీద కట్టిన సంచిలోకి వస్తుంది."

అతను గోడవైపు తిరిగాడు. ఊరందరి మురికిలో చేతులు పెట్టినవాడికి తన మురికి నలుగురికీ కనబడుతుందంటే ప్రాణం చచ్చినట్టయింది.

"సంచి వద్దు. పోతే పోతాను."

భార్య మంచం అటువైపుకు వెళ్లి అతని మొహంలోకి చూసింది. "పెళ్లైనప్పటినుంచీ నీ బట్టల కంపు ఉతుకుతున్నాను. ఎప్పుడైనా ముక్కు మూసుకున్నానా? చెప్పు."

"లేదు."

"మరి ఊఁ అను."

ఊఁ అన్నాడు.

నల్లబడ్డ పేగుల్ని కోసి తీసేశారు. చిన్నపేగు కొసలు కలిపి కుట్టి, పెద్దపేగు కొసను పొట్టమీదికి తెచ్చారు. బయట ఎవరడిగినా బావమరిది "లోపలున్నాడు" అన్నాడంతే.

మనిషి బతికాడు. సంచి మొదటిసారి నిండిన పొద్దున దుప్పటిని గడ్డందాకా లాక్కుని రెండు చేతులా పట్టుకున్నాడు. భార్య గుంజలేదు. పక్కన కూర్చుంది.

అతని వేళ్లు మెల్లగా సడలాయి.

"దుప్పటి తియ్యి," అన్నాడు, ఆమెనే చూస్తూ.