ఐదింటి బస్సు డ్రైవరు ధర్మపురిలో ఇల్లు వెతికిన మూడు రోజులు

పోయిన శనివారం కళాశాలలోని ఇదే చర్చాసభలో నా కుటుంబం మీద మోపిన అభియోగాన్ని ముందుగా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నగరం శ్రామికుణ్ని గౌరవంగా బతకనిస్తుందా అన్న విషయం మీద నేను మాట్లాడి కూర్చోగానే ప్రతిపక్షంలోని అర్థశాస్త్ర విద్యార్థి లేచి, "వక్తగారి మేనమామగారు హైదరాబాదులో నిలవలేక గోదావరి ఒడ్డున ఓ చౌక ఊరు చూసుకుని పారిపోయారండి. ఆవిడేమో ఇక్కడ శ్రామికుడి ఆత్మగౌరవం గురించి ఉపన్యసిస్తున్నారండి" అన్నాడు. మీరు చప్పట్లు కొట్టారు. అంతలో గంట మోగింది కనుక నాకు జవాబిచ్చే వ్యవధి చిక్కలేదు. ఇది ఆ జవాబు. దీన్ని ప్రయాణ కథనంగా రాయడానికి కారణముంది. ఆ ఊరికి మామ వెంట వెళ్లినదాన్ని నేనే. మీ ఇళ్లలో ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారు ఉంటే వారికి దారి, ఖర్చు, ఇల్లు వెతికే తీరు ఇందులో దొరుకుతాయి. ఆ ఊరు చౌక అన్నమాట నిజం, దాన్ని నేను ఖండించను. నేను ఖండించేది "పారిపోయారు" అన్న క్రియాపదాన్ని.

యాదగిరి మామ మా అమ్మకు అన్న. ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ బస్సు నడిపాడు. చివరి పదకొండేళ్లు హైదరాబాదు నుంచి ధర్మపురికి పోయే మధ్యాహ్నం బస్సు, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి అక్కడినుంచి తిరిగొచ్చే బస్సు ఆయనవే. ఈ మధ్యనే ఉద్యోగ విరమణ చేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కూకట్‌పల్లిలో మా ఇంటి వెనక సందులో రేకుల గది ఒకటి కిరాయికి తీసుకొని ఉండేవాడు. ఫ్యాక్టరీల్లో పనికి వచ్చేవారు ద్రాక్షతోటల దాకా గదులు వెతుక్కుంటున్న కాలమిది. ఇంటాయన ముప్ఫై ఐదు రూపాయల గదికి యాభై అడిగాడు. మా ఇంటికి వచ్చెయ్యమని అమ్మ పిలిచింది. మామ రానన్నాడు. ధర్మపురికి పోతానన్నాడు.

"అక్కడ మనోళ్లు ఎవరున్నరే అన్నా? తోడబుట్టినోణ్ని బతికుండంగనే గోదాట్ల కలిపి వచ్చిందంటరు నన్ను!" అని అమ్మ మండిపడింది. రెండు రోజుల వాదం తరువాత ఒక షరతు పెట్టింది. "శుక్రవారం పో. సోమవారం తెల్లారేదాక టైము. ఇల్లు దొరికిందా, నీ ఇష్టం. దొరకలేదా, వాపసు రావాలె, మల్ల ఆ ఊరి పేరెత్తొద్దు." మామ సరేనన్నాడు. ఆయన సరేనన్న మాటకు తిరుగు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందువల్ల ఇల్లు వెతకడంలో తోడుగా నేను కాలేజీ మానుకొని వెంట బయలుదేరాను.

ఆశ్వయుజం మొదలు, వానలు వెనకపట్టిన రోజులు. మదీనాగూడ వైపు నుంచి వచ్చే సిటీ బస్సును కూకట్‌పల్లిలో ఎనిమిదిన్నరకు ఎక్కితే పది లోపల గౌలిగూడ బస్టాండుకు చేరుకోవచ్చు. ధర్మపురి బస్సు పన్నెండు గంటలకు. టికెట్టు పద్నాలుగు రూపాయలకు లోపే. పొద్దున ఇంకో బస్సు ఉన్నా మామ ఒప్పుకోలేదు, తన బస్సులోనే పోవాలన్నాడు. ఇప్పుడు దాన్ని నడిపేది సత్తయ్య అనే యువకుడు, మామ దగ్గర పని నేర్చినవాడు. మేము అతని వెనక సీట్లోనే కూర్చున్నాం. షామీర్‌పేట చెరువు దాటేలోగా మామ కుడికాలు పదిసార్లు నేలను తొక్కింది.

"ఉస్తాద్, బ్రేకు నా కాడ ఉన్నది, నీ కాడ లేదు. ఆ రేకును ఎందుకు సతాయిస్తున్నవ్?" అన్నాడు సత్తయ్య అద్దంలో చూస్తూ.

"నువ్వు తొక్కితే నేనెందుకు తొక్కుతరా? ముందర ఎడ్లబండి ఉన్నది, చూసుకో!"

మూడింటికి సిద్దిపేట. ఇక్కడ బస్సు పావుగంట ఆగుతుంది. మిరపకాయ బజ్జీలు వేడిగా ఉంటాయి, చాయ మాత్రం మరీ తీపి. అయిదింటికి కరీంనగరం, ఆరున్నరకు జగిత్యాల. ఈ మధ్య దారిలోనే నేను మామను అడగవలసినది అడిగాను. ఇన్ని ఊళ్లుండగా ధర్మపురే ఎందుకు?

"నిద్ర పడతది కోడలా" అన్నాడు. నేను ఇంకేదో వస్తుందని చూశాను. "రాత్రి ఎనిమిదింటికి బస్సు ఆపి, తిని, టాపు మీద పండుకుంటుంటి. ఎటునుంచో సల్లటి గాలి వచ్చేది. మల్ల నాలుగింటికే మెలకువ. నా జిందగీల మంచిగ పండుకున్నదంటే ఆ టాపు మీదనే. కూకట్‌పల్లిల రాత్రంతా లారీలు నా చెవులకెల్లి పోతయి."

శ్రమకు విశ్రాంతి హక్కు అని వేదికల మీద ఎన్నో మార్లు అన్నాను. ఆ మాటకు ఇంత సరళమైన రూపముందని మాత్రం నాకు తెలియదు.

ఎనిమిదింటికి ధర్మపురి. ఆ రాత్రి సత్రంలో గది రూపాయికి దొరికింది. శనివారం ఉదయం బస్టాండు ముందు చాయ దుకాణానికి వెళ్లాం. దుకాణదారు భూమయ్యకు మామ పదకొండేళ్ల పరిచయం. వచ్చిన పని విని సంతోషించి, "అయితే ముందుగాల గోదారికి పోయి స్నానం చేసి రాపో" అన్నాడు.

"ఎటు పోవాలె?" అన్నాడు మామ.

భూమయ్య గంటె పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. "పదకొండేండ్ల సంది అస్తున్నవ్, గోదారి ఎటున్నదో తెల్వదా?"

"చీకట్ల వస్తుంటి, చీకట్ల పోతుంటి. ఎవడు చూసిండు?"

సందు వెంట నడిచాం. రెండు వైపులా పాత ఇళ్లు, చెక్కిన టేకు స్తంభాలు, అరుగుల మీద వేదం చెప్పుకొంటున్న పిల్లల గొంతులు. సందు చివర రాతిమెట్లు. వాటి కింద గోదావరి. ఇక్కడ నది దక్షిణానికి తిరిగి ప్రవహిస్తుంది. ఆవలి ఒడ్డు ఆదిలాబాదు జిల్లా. ఎర్రదనం తగ్గి నీళ్లు తేటపడుతున్న సమయం. మెట్ల రాళ్లు ఎన్ని తరాల పాదాలకు నునుపెక్కాయో లెక్క చెప్పగలవారు లేరు. రాజధానిలో లేని చరిత్ర తాలూకాల్లో ఉండదని నమ్మేవారిని ఈ మెట్ల మీద ఒక గంట కూర్చోబెట్టాలి. మామ మోకాళ్ల లోతు దిగి, చేయి పైకెత్తి గాలికి పట్టి, "ఇదే" అన్నాడు. టాపు మీదికి గాలి ఎక్కడినుంచి వచ్చేదో ఆయనకు ఆ రోజు తెలిసింది.

తరువాత ఇళ్ల వేట. మొదటి ఇంటివారు "ఒంటి మొగోనికి ఇల్లియ్యం" అని తలుపు వేశారు. రెండవ ఇల్లు మెట్ల పక్కనే, కిరాయి పన్నెండు రూపాయలు, కొత్తగా సున్నం కొట్టి ఉంది. ఆనందంతో అడ్వాన్సు ఇచ్చేద్దామన్నాను. పక్కన బట్టలు ఉతుకుతున్న అవ్వ నన్ను చూసి, "సున్నం ఛాతీ దాకనే ఎందుకేసిండ్రో అడుగు బిడ్డా" అంది. చూశాను. నిజమే, సున్నం ఛాతీ ఎత్తు దాకానే ఉంది, పైన పాత గోడ. గోదావరి ఇంట్లోకి వచ్చిన ఎత్తు అది. నదీతీరాన ఇల్లు చూడబోయేవారు కిరాయి కన్నా ముందు గోడను చూడండి. పుస్తకాలు చదివినదాన్ని నేను చూడలేకపోయాను.

మూడవది అనసూయమ్మగారి ఇల్లు. మెట్లకు వందగజాల ఎగువన, ఎత్తైన పునాది మీద. ముందువైపు రెండు గదులు, వేరే తలుపు, విశాలమైన అరుగు. ఆమె యాభై ఏళ్ల వితంతువు. మాతో వచ్చిన భూమయ్య మామను పరిచయం చేయబోతుండగా ఆమె మామ ముఖంలోకి తేరిపార చూసింది.

"నువ్వు ఐదింటి బస్సు డ్రైవర్వి గదా?"

మామ ముఖం వికసించింది. "అవును చెల్లే, నేనే."

"అయితే నీకు ఇల్లియ్యను" అంది.

ఆమె అరుగు మీద కూర్చొని చెప్పింది. "నాలుగేండ్ల కింద మా సరళకు టీచరు ట్రైనింగు పరీక్ష, కరీంనగర్ల. పెట్టె నెత్తిన పెట్టుకోని ఉరికినం. బస్సు బస్టాండు దాటుతున్నది. కేకలేసినం. నువ్వు అద్దంల చూసినవ్. చూసి పోయినవ్. నా బిడ్డకు సంవత్సరం పోయింది."

ఇక నేను ఆగలేదు. బస్సులో ఉన్న నలభై మంది హక్కు, బయట ఉన్న ఇద్దరి అవసరం, వేళ తప్పిన వాహనం వల్ల కలిగే సామూహిక నష్టం అంటూ మూడు వాక్యాలు పూర్తి చేశాను.

"ఈ పిల్ల వకీలా?" అని ఆమె భూమయ్యను అడిగింది.

"కాలేజీ పిల్ల అక్కా."

"గందుకే."

"నువ్వు ఊకో కోడలా, ఆమె నన్నడుగుతున్నది" అని మామ చెప్పులు విప్పి ఆమె ఎదుట నిలబడ్డాడు. ఆ ఒక్క జవాబు మీద ఆయన శేషజీవితం ఆధారపడి ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. చూడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. "చూసిన చెల్లే. ఇద్దరు ఆడోళ్లు, నల్ల పెట్టె. యాదికున్నది. ఐదయింది, పోయిన."

"ఆపితే ఏం పోతుండె?"

"ఒక్కనాడు ఆపితే మరునాటి సంది ఐదింటికి ఎవ్వరూ రారు. దవాఖానకు పోయేటోడు, కోర్టుకు పోయేటోడు నా టైమును నమ్ముకోని ఎక్కుతడు. అదే దినం మల్ల వస్తే, మల్ల గట్లనే పోత." ఇల్లు పోయిందనుకున్నాను. ఆయన ఇంకా పూర్తి చేయలేదు. "గని నీ బిడ్డకు సంవత్సరం పోయిందన్న ముచ్చట నాకు తెల్వది. ఎవరు, ఏమాయె అని ఒక్కసారన్న అడగలే. ఆ నాలుగేండ్లు గా టాపు మీద మంచిగ పండుకున్న. అది మాత్రం తప్పే."

అనసూయమ్మ లేచి లోపలికి పోయింది. వచ్చినప్పుడు చేతిలో మంచినీళ్ల చెంబు ఉంది, దాన్ని మామకు ఇచ్చింది. "చూడలేదంటవనుకున్న. గప్పుడు తిట్టి ఎల్లగొడుదామనుకున్న" అంది. "సరళ మరుసటేడు పాసయింది. జగిత్యాల అవతల బడిల పంతులమ్మ. ఐతారం ఇంటికస్తది, సోమారం ఐదింటి బస్సుకు పోతది. నాకు మెలకువ రాదు, పోయిన నెల రెండుమార్లు తప్పిపోయింది. కిరాయి పద్దెనిమిది. సోమారం సోమారం మమ్ముల లేపాలె, దాన్ని బస్సెక్కియ్యాలె. ఒక్కసారి తప్పిందా, నీ పెట్టె బజాట్ల ఉంటది."

"మంజూర్" అన్నాడు మామ.

"ఉస్తాద్, మల్ల డ్యూటీ ఎక్కినవ్ పో!" అని భూమయ్య నవ్వాపుకోలేకపోయాడు.

ఆదివారం గదులు కడిగి, బజారులో రెండు కుండలు, ఒక నులకమంచం కొన్నాం. పూటకూళ్ల ఇంట్లో భోజనం రూపాయిన్నర. పచ్చిపులుసు అడిగినంత పోస్తారు. సాయంత్రం సరళ వచ్చింది. అన్నీ విని మామను ఒకసారి తేరిపార చూసింది. సోమవారం మామ మమ్మల్ని మూడింటికే లేపాడు.

"ఐదింటి బస్సుకు మూడింటికి లేపుతవా? నీకు ఇల్లిచ్చిన పాపానికి!" అని అనసూయమ్మ దుప్పటి విసిరికొట్టింది. నాలుగింటికల్లా బస్టాండులో మేము ముగ్గురమే, ఎదురుగా ఇంకా పొయ్యి రాజేయని చాయ దుకాణం.

"ఆ దినం గింత జల్ది లేపేటోడుంటే నాకు సంవత్సరం మిగులుండె మామా" అంది సరళ ఆవులిస్తూ.

"ఆ దినం నేను బస్సు టాపు మీద పండుకోని ఉంటి బిడ్డా, ఎట్ల లేపుదు?"

ఆమె నవ్వింది. మామ నవ్వలేదు గాని, ఆమె సంచి తానే తీసుకొని కిటికీ పక్క సీట్లో పెట్టాడు. నేనూ అదే బస్సులో తిరుగు ప్రయాణం. ఐదు కావస్తుండగా సత్తయ్య ఇంజను స్టార్టు చేసి కిటికీలోంచి, "ఉస్తాద్, టైమెంత?" అన్నాడు. అతని చేతికి గడియారం ఉంది. ఇరవై ఆరేళ్ల అలవాటు కొద్దీ మామ మణికట్టు పైకి లేచింది, ఆగింది.

"నీ గడియారం నువ్వు చూసుకోరా" అని మామ వెనక్కి తిరిగి, గోదావరి సందులోకి నడిచిపోయాడు. బస్సు కదలడం ఆయన చూడలేదు. నేను చూశాను, గర్వంతో చూశాను.

నా జవాబు ఇదే. తక్కువ కిరాయికి మంచి ఇల్లు కోరుకోవడం ఓటమి అయితే, ఎక్కువ కిరాయికి చెడ్డ గదిలో నిద్రలేక పడి ఉండడాన్ని విజయమనవలసి వస్తుంది. అటువంటి అర్థశాస్త్రాన్ని నేను అంగీకరించను. పారిపోయేవాడు తనను ఎరిగినవారు లేనిచోటికి పోతాడు. మా మామ తన తప్పు పేరుపెట్టి చెప్పగలిగిన మనిషి ఇంటికే పోయాడు, కప్పిపుచ్చకుండా ఒప్పుకున్నాడు, ఇల్లు సంపాదించుకున్నాడు. అది వేయేళ్ల ఊరు. ఆయన వల్ల దాని గౌరవం తగ్గలేదు, దాని వల్ల ఆయన గౌరవం పెరిగింది. ఇటువంటి ఊరికి పోదలచినవారికి నా సలహా ఒక్కటే: జాతర రోజుల్లో పోకండి. మామూలు వారంలో మూడు రోజులుండి, ఆ ఊరి తెల్లవారుజామును చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇక సభను నేను అడిగేది వినండి. ఈ సాయంత్రం ఇంటికి పోయి, మీ ఇంట్లో పనిచేసి అలసిన మనిషి ఎదుట కూర్చోండి. ఎక్కడ ఉండాలో మీరు చెప్పకండి, ఎక్కడ ఉండాలని ఉందో వారిని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి. వచ్చే శనివారం ఆ జవాబులను ఈ వేదిక మీద, ఒక్కొక్కరుగా, మీ నోటితో చదవండి. అవి వినిపించగలిగినవారే మా మామ మీద తీర్పు చెప్పడానికి చెయ్యెత్తండి.