ముఖ్యమంత్రి ఏడుపు

కుర్చీ కోసం కొట్టుకునే సినిమా ఏదొచ్చినా నేను వదలను. లంచాలు, ఫిరాయింపులు, ఎమ్మెల్యేలను బస్సెక్కించి రిసార్టులో దాచడాలు, నిన్నటిదాకా కాళ్ళకు మొక్కినవాడు ఇవాళ కాళ్ళు లాగేయడాలు, ఇవన్నీ నాకు మహా ఇష్టం. చూడటమే కాదు, వాటిలో కొన్నింటికి గొంతు కూడా ఇచ్చాను. కన్నడ సినిమాలను తెలుగులోకి డబ్బింగ్ చేసే చిన్న స్టూడియో ఒకటి కె.ఆర్.పురంలో మా ఇంటికి దగ్గరే ఉంది.

గొంతు ఇచ్చానంటే పెద్ద పెద్ద పాత్రలకు అనుకునేరు. కలెక్టరాఫీసు మెట్ల మీద అర్జీ పట్టుకుని కూలబడే ముసలమ్మ నేను. మంత్రిగారు ఇంటికొస్తే అన్నం తిన్నావా నాయనా అనే తల్లిని నేను. నలుగురం ఒకే మైకు చుట్టూ నిలబడి పెద్ద బహిరంగసభ అయిపోతాం, అందులో గట్టిగా వినబడే కేక నాది. పదవి ఎవరికి దక్కినా జిందాబాద్ మాత్రం నేనే కొట్టాలి.

అందుకే ఆ సినిమా వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ముఖ్యమంత్రి చనిపోతాడు. చెప్పినచోటల్లా సంతకం పెడుతుందిలే అని పార్టీ పెద్దలు ఆయన భార్యను వంటింట్లోంచి తెచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. ఆమె ఆ పెద్దలందరినీ ఒక్కొక్కరినే నమిలేస్తుంది. ఒకచోట అందరూ కుర్చీల్లో కాళ్ళు చాపుకుని ఫైలు ముందుకు తోస్తారు. ఆమె అంటుంది, "నా సంతకం కావాలంటే ముందు లేచి నిలబడండి" అని. ఆ ఒక్క మాట నా గొంతులోంచి రావాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. బియ్యం కడుగుతూ, బట్టలు ఆరేస్తూ అదే మాట రకరకాలుగా అనుకునేదాన్ని. మా ఆయన ఒకసారి విని, ఎవరు లేచి నిలబడాలని అడిగాడు.

వాయిస్ టెస్టుకి ఇద్దరం వెళ్ళాం. రెండో మనిషి మా మేడ మీది గదిలో అద్దెకుండే మహబూబ్‌నగర్ అమ్మాయి. బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫోన్లో మాట్లాడుతుంటే విని, గొంతు బాగుంది రా తల్లీ అని స్టూడియోకి తీసుకెళ్ళింది నేనే. మైకుకి ఎంత దూరంలో నిలబడాలో, తెర మీద పెదాలు కలిసినచోట సరిగ్గా ప, బ, మ పడేట్టు మాటను ఎలా జరపాలో నేర్పింది కూడా నేనే. టెస్టయ్యాక డబ్బింగ్ చూసుకునే అతను నన్ను పక్కకి పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు.

"మీ గొంతులో అమ్మ ఉంది మేడమ్. సీఎం లేదు."

పాత్ర ఆ అమ్మాయికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మాయి మంచిది, నన్ను అక్కా అంటుంది, పండక్కి చీర పెట్టింది. అయినా మండింది. మంచిది కావడం వల్ల ఇంకొంచెం ఎక్కువ మండింది. తిట్టుకుందామంటే ఒక్క వంకా దొరకలేదు.

నాకు అందులో పనిమనిషి పాత్ర ఇచ్చారు. నా ముక్కలు అయిపోయినా ఇంటికి పోకుండా బయట గదిలో కూర్చుని ఆ అమ్మాయి చెప్పేది వినేదాన్ని. ఎక్కడైనా తడబడుతుందేమోనని చెవులు రిక్కించుకునేదాన్ని. ఆ లేచి నిలబడండి డైలాగు మొదటిసారికే పూర్తిచేసింది. లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. నేను సంచీ తీసుకుని బయటకొచ్చి టీ తాగాను. టీ కూడా చేదుగానే ఉంది.

తడబడింది మాత్రం ఏడుపు దగ్గర. సినిమా చివర్లో పార్టీవాళ్ళు ఆమెను దించి మరిదిని కూర్చోబెడతారు. ఆమె వచ్చి కారెక్కి, అద్దాలు పైకెత్తి ఏడుస్తుంది. మాటల్లేవు, ఉత్త ఏడుపే. చనిపోయిన భర్త గుర్తొచ్చి ఏడుస్తుందని డబ్బింగతను వివరించాడు. అమ్మాయి అలాగే ఏడ్చింది, ఎంతో బాగా ఏడ్చింది. కానీ తెర మీది మొహానికి అతకలేదు. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే. చివరికి బయటకొచ్చి, "నాకు వస్తలేదక్కా" అంది.

మా దగ్గర దగ్గులు, వెక్కిళ్ళు, ఏడుపులు ఒకరికి రాకపోతే ఇంకొకరి చేత చేయించి అతికించేస్తారు. ఏడుపంటే అందరికీ నేనే గుర్తొస్తాను. పిలిచారు. చెడగొట్టి పోదామనుకునే లోపలికి వెళ్ళాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర చూశాను. ఆమె దవడ బిగించి ఉంది. గాలి ముక్కులోంచి వస్తోంది. చెయ్యి కారు సీటును నొక్కుతోంది. ఈమె మొగుడి కోసం ఏడవడమేంటి, నా మొహం. తనది అనుకున్న కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు, దానికి ఏడుస్తోంది. ఆ ఏడుపు నాకు బాగా తెలుసు. వారం నుంచి కడుపులో పెట్టుకు తిరుగుతున్నాను. మైకు ముందు నోరు తెరిచేసరికి అది దానంతటదే వచ్చేసింది. ఒక్క టేకు. డబ్బింగతను మళ్ళీ చెయ్యమనలేదు.

సినిమా ఓటీటీలోకి వచ్చిన ఆదివారం మా ఆయన ఆ అమ్మాయిని భోజనానికి పిలిచాడు. ఆయనకు చిక్కపేటలో చీరల కొట్టు. ఆదివారం ఒక్కరోజే ఇంటిపట్టున ఉంటాడు. సంగటి, కోడిపులుసు చేశాను. టీవీ పెట్టుకుని ముగ్గురం తింటున్నాం. లేచి నిలబడండి అన్నప్పుడు మా ఆయన నిజంగానే కంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు. అమ్మాయి పగలబడి నవ్వింది. నేను పులుసు వడ్డించాను. తెర మీద పనిమనిషి వచ్చింది, టీ పెట్టి పోయింది. అది నేనని ఆయన గుర్తుపట్టలేదు.

కారు సీను వచ్చింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే చూశాడు.

"ఏమి ఏడిస్తివమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో. "నా ఒళ్ళంతా జల్లుమనింది. పెద్ద పెద్ద హీరోయిన్లకు గూడా రాదు అట్ల."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. చెబుతుందనుకున్నాను. ఒక్క క్షణం చెప్పబోయినట్టే ఉంది కూడా. తర్వాత తల వంచుకుని, "థ్యాంక్స్ బావా," అంది.

తప్పుపట్టలేను. ఆ పొగడ్త నాకు దొరికి ఉంటే నేనూ వదిలేదాన్ని కాదు. కానీ తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆరుతుందా.

"అది నా ఏడుపు," అన్నాను.

మా ఆయన నవ్వాడు. నువ్వు పనిమనిషికి చెప్పినానంటివి కదా అన్నాడు. ఆ పిల్లకు మంచి పేరొస్తే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటావేంది అన్నాడు. అమ్మాయి కంచంలో వేలితో గీతలు గీస్తోంది. నేను మళ్ళీ అదే మాట అన్నాను. ఆయనకు సరదా పుట్టింది. కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"నీదే అయితే ఏదీ, ఇప్పుడు ఒకసారి ఏడ్చు. చూస్తాం."

తెర లేదు, మైకు లేదు, చేతికంతా పులుసు. అయినా నాకు దేన్నీ వెతుక్కోవలసిన పని లేకపోయింది. దవడ బిగుసుకుంది. అదే ఏడుపు, అదే ముక్కులోంచి వచ్చే గాలి. మా ఆయన మొహంలో నవ్వు పోయింది. అమ్మాయి కంచం పక్కకి జరిపింది.

"అక్కదే బావా," అంది. "అక్కనే ఏడ్చింది."

ఆయన రిమోట్‌తో టీవీ ఆపేశాడు. నమ్మినానులే, ఇంక చాలు, ఆపు అన్నాడు. నేను ఆపలేకపోయాను.