బానెట్ మీద ప్రార్థన

జయశీలమ్మ చేతి చలవ గురించి తెలియాలంటే మదనపల్లెలో మంచాన పడ్డవాళ్ళను అడగాలి. మిషన్ ఆసుపత్రి వార్డులో ముప్పై నాలుగేళ్ళు కట్లు కట్టిన చెయ్యి అది. పుండుకు అంటుకుపోయిన గుడ్డను కూడా రోగి అబ్బా అనకుండా తీసేది. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే, "వార్డు నిండా బిడ్డలే గదప్పా, ఇంకా యాల?" అనేది. రిటైరయ్యాకైనా ఇంటిపట్టున ఉందా అంటే అదీ లేదు. కురబలకోట చుట్టుపక్కల పల్లెల్లో పక్షవాతమొచ్చి పడుకున్న ముసలివాళ్ళకు కట్లు మార్చడానికి సంచీ తగిలించుకుని బయల్దేరేది. బస్సు పోని పల్లెలకు ఆటోవాళ్ళు రామనేవాళ్ళు. ఆ పోరు పడలేక యాభై తొమ్మిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పినతను మొదటి వారమంతా డోరు గట్టిగా పట్టుకునే కూర్చున్నాడట.

నేర్చుకుంది సరే, కారేదీ? చర్చి సెక్రటరీ శామ్యూల్ దగ్గర పాత ఎర్ర మారుతి ఉంది. అమ్మేస్తానని అతనే కబురు పెట్టాడు. శామ్యూల్ భార్య బీనా అంటే జయశీలమ్మకు తోడబుట్టినదానితో సమానం. పాతికేళ్ళుగా పాటల బృందంలో పక్కపక్కన నిలబడి ఒకే పుస్తకంలో చూసి పాడినవాళ్ళు. బీనా కాన్పులు రెంటికీ ఈమే దగ్గరుంది. బీనా తల్లి పోతే ఒళ్ళు కడిగి చీర కట్టింది కూడా ఈమే.

కొనేముందు ఎవరైనా మెకానిక్కుకు చూపించమని డ్రైవింగ్ నేర్పినతను పదేపదే చెప్పాడు. చూపించాలనే ఆమె కూడా అనుకుంది. కానీ తీసుకునే రోజు శామ్యూల్ ఏం చేశాడు? వాళ్ళలో ఇల్లు కట్టినా బండి కొన్నా ముందు ప్రార్థన. అతను బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఈ వాహనమును నీ దాసురాలి పరిచర్య కొరకు కాపాడుము తండ్రీ అని పది నిమిషాలు ప్రార్థించాడు. గొంతు కూడా జీరబోయింది. ఆమెన్ అన్న నోటితోనే "బానెట్ ఎత్తు తమ్ముడూ, మెకానిక్కును పిలుస్తా" అనడానికి ఆమెకు నోరు రాలేదు. అంటే దేవుణ్ణే అనుమానించినట్టు ఉంటుందనిపించింది. శామ్యూల్ చెయ్యి బానెట్ మీద పెట్టాడే గానీ బానెట్ ఎత్తలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికి తట్టింది?

కారు రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్ళు తాగేది. కింద వంగి చూస్తే ఒక్క చుక్క కారిన జాడ లేదు. అదే రోగి అయితే తాగిన నీళ్ళు ఎటు పోతున్నాయని ఆమె డాక్టరును నిలబెట్టి అడిగేది. ఇది కారు గనక శామ్యూల్‌ను అడిగింది. "పాత బండి గదక్కా, దప్పిక జాస్తి" అని నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది.

మూడో నెలలో కుప్పంలో స్త్రీల కూడిక పెట్టారు. అందులో జయశీలమ్మ, బీనా కలిసి పాడాలి. "ఇద్దరం నా కార్లోనే పోదాం బీనా, దారి పొడుగునా పాడుకోవచ్చు" అంది జయశీలమ్మ.

"నాకు కార్లో వాంతులయితాయక్కా. బస్సులో వస్తాలే."

"పదేండ్లు ఇదే కార్లో తిరిగితివే! అప్పుడు రాని వాంతులు నేను తోలితే వస్తాయా?"

బీనా నవ్వలేదు. దండెం మీద బట్టలు తీసుకుంటూ అటు తిరిగిపోయింది.

పుంగనూరు దాటి కొంత దూరం పోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీతను ముట్టుకుంది. వెనక తెల్లటి పొగ లేచింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఒక టమేటా తోట పక్కన ఆగిపోయింది. జయశీలమ్మ దిగి, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. కాసేపటికి కుప్పం బస్సు వచ్చింది. కిటికీ పక్కన బీనా! జయశీలమ్మ సంబరంగా చెయ్యెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. బీనా ముఖం పక్కకు తిప్పుకుంది. బస్సు పోయింది. చూడలేదేమో పాపం, అనుకుంది జయశీలమ్మ. మంచివాళ్ళకు ఇదొక జబ్బు. కళ్ళారా చూసినదానికి కూడా ఏదో ఒక సాకు వాళ్ళే వెతికిపెడతారు.

తోటలో కాయలు కోస్తున్నవాళ్ళు ఫోన్ చేస్తే పుంగనూరు నుంచి గంగులప్ప అనే మెకానిక్కు వచ్చాడు. బానెట్ ఎత్తకముందే కారు చుట్టూ ఒకసారి తిరిగి నంబరు చూశాడు.

"ఈ బండి నీ చేతికి యెట్లొచ్చినాదమ్మా?"

"మా చర్చి ఆయన దగ్గర కొన్యాను. యాలప్పా?"

గంగులప్ప బానెట్ ఎత్తి ఆయిల్ పోసే మూత విప్పి చూపించాడు. నల్లగా ఉండాల్సింది పాలెక్కువైన కాఫీలా నురగ కట్టి ఉంది. "ఇంజను తలకాయకీ ఒంటికీ నడాన ఒక రేకు ఉంటాదమ్మా, హెడ్ గ్యాస్కెట్ అంటారు. అది కాలిపోయినాది. నీళ్ళు ఆయిల్లో కలస్తాండాయి. ఇదేం ఈ పొద్దు పోయింది గాదు. ఆరు నెల్ల కిందట నా షెడ్డుకే వచ్చినాది. తలకాయ గూడా వంగిపోయిందప్పా, బాగు చేసే ఖర్చుకి ఇంకో బండి వస్తాది, పాతినుముకి ఇచ్చేయండి అని చెప్పినాను. అట్లగాదు, కారేది ఆగేదానికి ఏదో పొడి ఉంటాదంట గదా, అది పోసి పంపించు అన్యాడాయన. నేను పొయ్యలా. యాడ పోయించినారో మరి."

జయశీలమ్మ ఆ మూత వైపే చూస్తూ అడిగింది. "ఆయనొక్కడే వచ్చిండెనా?"

"లేదమ్మా, భార్య గూడా వచ్చిండె. ఆ బెంచీ మీదే కూసోని టీ తాగినాది. నేను చెప్పిందంతా ఆయమ్మ ఎదురుగానే."

రోడ్డు మీద టమేటా లారీలు పోతున్నాయి. వాంతులు, దండెం మీది బట్టలు, బస్సు కిటికీలో పక్కకు తిరిగిన ముఖం. అన్నీ ఒక్కసారిగా ఆమెకు అర్థమయ్యాయి. శామ్యూల్ మోసం చేశాడంటే కోపం వచ్చింది, పోయింది. బీనా తలపుకు వచ్చేసరికి మాత్రం కారుకు ఆనుకుంది.

గంగులప్పకు ఆమెను చూస్తే జాలేసింది. "బాధపడాకమ్మా. నేను పొయ్యను గానీ, ఆ పొడి పోసేవాళ్ళు ఉండారు. రెండు మూడు నెల్లు తిరగతాది. అంతలో నువ్వూ ఎవరికో ఒకరికి అంటగట్టేయొచ్చు. లోకంలో అందరూ చేసేదే."

"వొద్దప్పా," అంది ఆమె. "నాతోనే ఆగిపోనీ. పాతినుముకి ఇచ్చేయ్."

సంచీ, పాటల పుస్తకం తీసుకుని, ఇంకో బస్సెక్కి ఆమె కుప్పం చేరేసరికి మధ్యాహ్నం భోజనాలైపోయాయి. హాల్లో బీనా పక్క కుర్చీ మీద హ్యాండ్‌బ్యాగు పెట్టి చోటు ఆపి ఉంచింది. ఈమెను చూసి గబగబా లేచింది. "ఏమక్కా, ఇంతసేపా!"

"గంగులప్ప షెడ్డులో టీ బాగుంటాదా బీనా?"

బీనా చుట్టూ ఒకసారి చూసింది. చెయ్యి పట్టుకుని ఆమెను బయట వరండాలోకి తీసుకుపోయింది.

"చెప్పాకు అన్యాడక్కా ఆయన. నోరిప్పితే నా మీద ఒట్టే అన్యాడు. ఆరుమంది వచ్చి సూసిపోయినారు. అందరూ బానెట్ ఎత్తి, మూతలు విప్పి, వొద్దని పోయినారు. నువ్వయితే..."

"నేనయితే?"

"నువ్వయితే సూడవని..."

జయశీలమ్మకు ఇప్పుడు అసలు సంగతి తెలిసింది. తనను మోసం చెయ్యడం తేలికని ఎంచుకున్నారు. తేలిక ఎందుకయ్యింది? పాతికేళ్ళు నమ్మింది గనక.

"నీ డబ్బు ఎట్లయినా తిరిగిస్తామక్కా. నువ్వు బాగా చేరాలని పొద్దున్నుంచి బస్సులో ప్రార్థన చేస్తానే ఉండాను, దేవుడి సాక్షిగా."

"డబ్బు ఎవరడిగినారే?" అంది జయశీలమ్మ. "ఆగిపోతాదని తెల్సి నన్ను ఒంటిగా ఆ కార్లో పంపిస్తివి. పోనీ, మొగుడికి భయపడి చెప్పలేకపోతివి. నీకు బస్సు టికెట్టు తీసుకునేటప్పుడు, జరంగా ఉండాదనో, ఒంటిగా పోలేననో ఏదో ఒక అబద్ధం చెప్పి, నాకొకటి తియ్యాలనిపించలేదా బీనా?"

బీనా వరండా స్తంభానికి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. లోపల మైకులో ఇద్దరి పేర్లూ పిలిచారు. ఎవరు ఏడ్చినా వీపు నిమిరే అలవాటున్న జయశీలమ్మ చెయ్యి సంచీ పట్టీని వదల్లేదు. రెండోసారి పిలిచాక ఆమె లోపలికి పోయి, బీనాకు ఒంట్లో బాగాలేదని చెప్పి, ఒక్కతే పాడింది.