కట్లక్క సంతకం

కట్లక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆవిణ్ణి ఒక్కసారి చూసినవాళ్లు అంటారు. పదిసార్లు చూసినవాళ్లు అలా అనరు. ముక్కు మీది కోపమైతే వచ్చినట్టే పోతుంది. ఆవిడ కోపం పొద్దున ఆవిడతోపాటే నిద్ర లేచి, ఆవిడతోపాటే డ్యూటీకి వెళ్లి, సాయంత్రం ఆవిడతోపాటే ఇంటికొస్తుంది. పెద్దాసుపత్రిలో ఎముకలు విరిగినవాళ్లకు కట్లు కట్టే గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా నర్సు. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు. రోగులు "కట్ల సిస్టరమ్మా" అంటుంటే, స్కౌటు పిల్లలు దాన్ని కుదించి కట్లక్క చేసిపెట్టారు. ఇప్పుడు ఆసుపత్రి సూపరింటెండెంటు కూడా ఆ మాటే వాడతాడు, ఆవిడ దగ్గర్లో లేనప్పుడు.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదిలోనే బల్ల, దాని మీద దీపం, కంటికి భూతద్దం. "మా ఇంట్లో ఏ గడియారమూ ఆగదండీ, ఆగితే మా ఆవిడ ఊరుకోదు" అని వచ్చినవాళ్లతో నవ్వుతూ అంటుంటాడు. ఒకసారి చెత్తసంచి మూతికి ఎలాపడితే అలా ముడేశాడని, చెత్తబండివాడు వాకిట్లో నిలబడి ఉండగానే ఆయనకు క్లాసు పీకింది. పాపం, ఆయన పైజామా బొందు దగ్గర కూడా స్వతంత్రం లేనివాడు.

ఏటా ఎండాకాలంలో ఆవిడ ఎనిమిది రోజులు సెలవు పెట్టి స్కౌట్ల క్యాంపుకు వెళుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు, అంటే పదకొండేళ్ల బుడతలకు, గుడారం వేయడం, పొయ్యి రాజేయడం, దిక్సూచి చూడడం వేరేవాళ్లు నేర్పుతారు. ముడులూ కట్లూ ఆవిడవి. వాటిలో మొదటిది రీఫ్ ముడి. కుడి కొసను ఎడమ కొస మీదుగా తిప్పాలి, తర్వాత ఎడమదాన్ని కుడిదాని మీదుగా తిప్పాలి. అంతే. కానీ రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే వచ్చే ముడి వేరు. దూరం నుంచి చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది, బరువు పడితే మాత్రం మెల్లగా జారిపోతుంది. ఆవిడ దానికి దొంగముడి అని పేరు పెట్టింది.

దొంగముడి అంటే ఆవిడకు అంత మంట ఎందుకో తెలియాలంటే పద్దెనిమిదేళ్ల వెనక్కి వెళ్లాలి. ఒక మధ్యాహ్నం ఒక తండ్రి కూతుర్ని ఎత్తుకుని కట్ల గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. పిల్ల సైకిలు మీంచి పడింది, మోచేయి కింద ఎముక విరిగింది. దారిలో ఎవరో స్కౌటు కుర్రాడు తన స్కార్ఫు విప్పి చేతిని మెడకు వేలాడగట్టాడు. మంచి పనే. కానీ వేసింది దొంగముడి. ఆసుపత్రి గేటు దగ్గర అది జారింది, చేయి ఒక్కసారిగా కిందికి పడింది, లోపలి ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆ స్కార్ఫు మూలన ఆ కుర్రాడి పేరు, పక్కనే ముడుల బ్యాడ్జి కుట్టి ఉన్నాయి. ఎవరో ఒకరు ఆ పిల్లవాడి కార్డు మీద 'వచ్చు' అని సంతకం పెట్టారన్నమాట. ఆ సంతకం తనది కాదని క్యాంపు సంతకాలుండే పాత పుస్తకాలన్నీ తిరగేసి తేల్చుకున్నాక గానీ కట్లక్క అన్నం తినలేదు. రానివాడికి సంతకం పెట్టనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. అప్పట్నుంచి తన చేతి మీదుగా ఒక్క దొంగముడి కూడా బయటికి పోలేదన్నది ఆవిడ గర్వం. ఆ ఒక్క గర్వం కోసం ఆవిడ ఎవరితోనైనా పోట్లాడుతుంది.

ఈ ఏడు క్యాంపుకు కొత్త చీఫ్ వచ్చాడు. కొత్త అంటే మనిషి కొత్త కాదు, ఇరవై ఏళ్ల కిందట ఇదే మైదానంలో ముక్కు తుడుచుకుంటూ తిరిగినవాడే. ఇప్పుడు ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు, ఇస్త్రీ మడత నలగని మనిషి. వచ్చీరాగానే వేదిక కట్టించాడు, మైకు పెట్టించాడు. కట్లక్క అన్నేళ్లూ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నేర్పేది. పిల్లలు వెనక మూగి, ఆవిడ భుజం మీద గడ్డాలు ఆనించి మరీ చేతులు చూసేవాళ్లు. "అలా గుంపుగా ఉంటే ఫొటోలో బావుండదక్కా" అని చీఫ్ ఆవిణ్ణి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లలను ఎదురుగా వరసల్లో కూర్చోబెట్టాడు. ఆవిడకు ఒళ్లు మండింది. అయినా మొదటిరోజే గొడవెందుకని పళ్ల బిగువున ఊరుకుంది.

ఆవిడ పరీక్ష తేలిక. ఇద్దరిద్దరుగా రావాలి. ఒకరు రెండోవాళ్ల చేతిని స్కార్ఫుతో మెడకు కట్టాలి. కట్టిన చేతికి ఆవిడ నిండు నీళ్ల సీసా తగిలించి వంద లెక్కపెడుతుంది. ముడి నిలిస్తే సంతకం. ఏడో రోజుకి ఇరవై నలుగురిలో పంతొమ్మిదిమంది గట్టెక్కారు. అయిదుగురికి ఎన్నిసార్లు చేసినా దొంగముడే. ఆ అయిదుగురిలో కళ్లజోడు పిల్ల ఒకతి. ప్రతిసారీ కరెక్టుగా వేశాననే అనుకుంటుంది, సీసా జారగానే మొహం వేలాడేస్తుంది.

ఆఖరిరోజు సాయంత్రం నాలుగింటికి తల్లిదండ్రులు, ముఖ్య అతిథి వస్తారు. పొద్దున్నే కట్టుగుడ్డల కోసం సామాన్ల గుడారంలోకి వెళ్లిన కట్లక్కకు ఒక అట్టపెట్టె కనిపించింది. తెరిస్తే పిల్లలకు ఇవ్వాల్సిన కొత్త స్కార్ఫులు, ఇరవై నాలుగు. ఒక్కొక్కదాని మూలన పిల్లల పేరు, దాని పక్కన ముడుల బ్యాడ్జి. ఇరవై నాలుగింటికీ కుట్టేసి ఉంది.

ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. జేబులోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసింది, మొన వంగి ఉంటుందే, అది. అయిదుగురి స్కార్ఫులు ఏరి, దారం దారం తెంపి బ్యాడ్జీలు ఊడదీయడం మొదలుపెట్టింది. అయిదోది ఊడదీస్తుండగా చీఫ్ లోపలికొచ్చాడు.

"అక్కా! ఏం చేస్తున్నారు?"

"నువ్వు చేసిన పని విప్పుతున్నా. పరీక్ష కాకముందే కుట్టించేశావా? ఇక నేనెందుకు ఇక్కడ, అలంకారానికా?"

"పిల్లలక్కా వాళ్లు. అమ్మానాన్నల ముందు అయిదుగుర్ని పక్కన నిలబెడతామా? ఎంత చిన్నబోతారు!"

"చిన్నబోతే రేపటికి మర్చిపోతారు. చెయ్యి పడిపోతే జన్మంతా ఉంటుంది. నువ్వు చూడలేదు, నేను చూశాను."

"ఎప్పుడో జరిగిన ఒక్కదాన్ని పట్టుకుని..." అని చీఫ్ ఆగాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరు సంతకాలు పెట్టకపోతే పైవాళ్లు నన్నడుగుతారు. వచ్చే ఏడు మిమ్మల్ని పిలవడం నా చేతిలో ఉండదు."

"పిలవొద్దు. నీ వేదిక మీద నువ్వే కూర్చుని నువ్వే నేర్పుకో. ఆ ముడి వచ్చా నీకసలు?"

ఆ మాట ఆవిడ ఊరికే అంది. దెబ్బకు దెబ్బగా అంది. కానీ చీఫ్ మొహం మాడిపోయింది.

"రాదు," అన్నాడు. "అప్పుడూ రాలేదు. మీరే పెట్టారు కదక్కా సంతకం. నా కార్డు ఆఫీసు గుడారంలో ఫ్రేము కట్టించి పెట్టాను, వెళ్లి చూసుకోండి. ఏం నష్టం జరిగిందిప్పుడు? నేను బాగుపడలేదా?"

కట్లక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. అబద్ధమని ఆవిడ నోటిదాకా వచ్చింది. అంతలో గుర్తొచ్చింది. క్యాంపుకు రావడం అది రెండో ఏడు. చివరిరోజు గేటు దగ్గర ఒక పిల్లవాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. బ్యాడ్జి లేకుండా ఇంటికెళితే మా నాన్న చంపేస్తాడు అక్కా, అన్నాడు. చీర కొంగుతో వాడి మొహం తుడిచి, వాడి వీపు మీదే కార్డు పెట్టుకుని సంతకం పెట్టింది. అదంతా సైకిలు పిల్ల రాకముందు. పాత పుస్తకాలు తిరగేసినప్పుడు ఆ సంతకాన్నీ దాటుకుంటూ పోయింది, అది తనదే కనుక సందేహమే రాలేదు.

ఆవిడకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంతకాలమూ ఆ కోపానికి ఎదురుగా ఇంకెవరో ఉండేవాళ్లు. ఇప్పుడు తానే ఉంది.

లేచి, చీఫ్‌ను తోసుకుంటూ ఆఫీసు గుడారంలోకి వెళ్లింది. గుంజకు వేలాడుతున్న ఫ్రేము దించింది, వెనక అట్ట పీకింది, కార్డు లాగింది. చీఫ్ "అక్కా, అది నాదక్కా" అంటూ వెంటపడ్డాడు. మళ్లీ పరీక్షకని బయట కాచుకుని ఉన్న ఆ అయిదుగురు పిల్లలూ గోల విని గుమ్మం దగ్గరికొచ్చారు.

"కార్డు నీదే. సంతకం నాది," అంటూ దాన్ని అడ్డంగా కొట్టేసింది. పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది. "ఇదిగో, తీసుకో. ఇరవై ఏళ్లు నిన్ను మోసం చేశాను. నీ బ్యాడ్జిని నమ్మినవాళ్లనీ మోసం చేశాను. ముడి వచ్చాక రా, అప్పుడు పెడతా."

"అయితే చీఫ్ సార్ కూడా మాలాగేనా?" అని అడిగింది కళ్లజోడు పిల్ల. ఆ పిల్ల గొంతులో ఆనందం దాగలేదు.

"మీలాగే," అంది కట్లక్క. చీఫ్ చొక్కా సర్దుకుని గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడటం వెనకనుంచి కూడా కనిపించింది.

ఆవిడ అయిదుగుర్నీ గుడారం నీడలో కూర్చోబెట్టి తాళ్లిచ్చింది, తానూ ఒక తాడు తీసుకుని ఎదురుగా కూర్చుని ముడి వేయసాగింది. "వెయ్యండి, చూస్తా. ఎక్కడ తప్పుతోందో నాకిప్పుడు తెలియాలి."

కళ్లజోడు పిల్ల మొదటి చుట్టు నోటితో చెప్పుకుంటూ సరిగ్గా వేసింది. రెండో చుట్టు దగ్గర తలెత్తి ఆవిడ చేతుల వంక చూసి, చూసినట్టే తిప్పింది. దొంగముడి.

"రెండోసారి నా చేతులెందుకు చూశావు?"

"స్టేజి మీద మీరు చేసేది చూసి చెయ్యమన్నారు కదక్కా. అక్కణ్ణుంచి మీ చెయ్యి ఇటువైపు ఉంటుంది."

ఎదురుగా కూర్చున్నవాళ్లకు కుడి ఎడమగా కనిపిస్తుంది. రెండు చుట్లూ మాట వినో, రెండూ చేతులు చూసో వేసినవాళ్లు గట్టెక్కారు. ఒక చుట్టు తన మాట విని, ఇంకో చుట్టు తన చేతులు చూసి వేస్తే వచ్చేది దొంగముడి కాక ఏమవుతుంది? ఆ కుర్చీలో ఏడు రోజులు కూర్చుని తానే వీళ్లకు దొంగముడి నేర్పింది! ఆ వేదికను తిట్టింది, మైకును తిట్టింది, మొదటిరోజు నోరు మూసుకున్నందుకు తనను తాను ఇంకా ఘాటుగా తిట్టుకుంది. తర్వాత బకెట్టు తెచ్చి బోర్లించి కూర్చుంది.

"లేవండి. నా వెనక్కి రండి. భుజం మీంచి చూడండి, నేను ఎటు తిప్పితే మీరూ అటే."

మూడున్నరకల్లా ముగ్గురి ముడి నిలిచింది, కళ్లజోడు పిల్లది వాళ్లలో ఒకటి. ఊడదీసిన బ్యాడ్జీలు ముగ్గురివీ మళ్లీ తానే కుట్టింది. మిగతా ఇద్దరికీ ఇంకా చేయి కుదరలేదు. "వచ్చే వారం మా ఆసుపత్రికి రండి, నేర్పుతా. సంతకం మాత్రం ఊరికే పెట్టను," అంది. ఇద్దరూ బుంగమూతి పెట్టారు. అయినా ఆవిడ పెన్ను జేబులోంచి కదల్లేదు.

నాలుగింటికి వేదిక మీద ముందువరసలో ముఖ్య అతిథి, ఆ పక్కన చీఫ్. కట్లక్క కుర్చీ రెండో వరసలో, సరిగ్గా చీఫ్ వెనక. ఎవరు వేశారో ఏమో. ముఖ్య అతిథి క్రమశిక్షణ గురించి తీరిగ్గా మాట్లాడుతున్నాడు. కట్లక్క చేతులు కట్టుకుని, ఇదే తన చివరి క్యాంపు అనుకుంటూ మండిపడుతూ కూర్చుంది.

అప్పుడు చీఫ్ భుజం మీంచి ఆయన ఒడి కనిపించింది. ఒళ్లో మూరెడు తాడు. ఎవరికీ కనబడకుండా మడతల ప్యాంటు మీద ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు, వేస్తున్నాడు. చెమటకు వేళ్లు జారుతున్నాయి. వేసి, తలతిప్పకుండా, తాడును కుర్చీ పక్కనుంచి వెనక్కి చాపాడు.

కట్లక్క ముడికి రెండు వైపులా తాడు పట్టుకుని లాగింది. జారింది.

"దొంగముడి," అంది ఆయన చెవి దగ్గర. "రెండోసారి ఎడమది పైకి రావాలి. మళ్లీ."

చప్పట్లు మోగాయి. మైకులో ఎవరో, పిల్లలకు స్కార్ఫులు అందించడానికి చీఫ్‌ను రమ్మని పిలిచారు. కింద ఇరవై నలుగురు పిల్లలూ వరసగా నిలబడి ఉన్నారు. ఫొటోలవాడు కెమెరా ఎత్తాడు. మైకు రెండోసారి పిలిచింది. తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చీఫ్ లేవలేదు. తల వంచుకుని, కుడి కొసను ఎడమ కొస మీదకు తెచ్చాడు.