బోణీ ధనరాజు ఎండుచేపల కొట్టు

టెక్కలి బజారులో కొట్టు తెరవాలంటే తాళంచెవి ఒక్కటే ఉంటే చాలదు, ధనరాజు కూడా ఉండాలి. పొద్దున్నే అతని చేతి బోణీ పడితే సాయంత్రానికి సరుకంతా ఊడ్చుకుపోతుందని ఊరందరి నమ్మకం. మొదటి బేరం కదా, అతను అడిగిన ధరకి ఎవరూ కాదనరు. వంకాయలామె రెండు కాయలు పైన వేస్తుంది. ఇస్త్రీ బండివాడు ముందు ఇతని చొక్కా తీసుకుంటాడు. భావనపాడులో పడవ ఒడ్డుకొస్తే, ధనరాజు మొదటి గంప మీద చెయ్యి వేసేదాకా మిగతా బేరగాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడతారట. సముద్రానికి కూడా తనే బోణీ చేశానని అతను అనలేదు గాని, ఎవరైనా అంటే కాదనడు.

ఇలా పదిహేనేళ్లు ఊళ్లో అందరి వ్యాపారాలూ మొదలుపెట్టించాడు. ఈలోగా ఇల్లు నడిపింది భార్య భాను. భావనపాడులో చేపలు ఎండబెట్టడం, గంపకెత్తుకుని సంతలో అమ్మడం, మొగుడి చొక్కా ఇస్త్రీకి ఇవ్వడం, అన్నీ ఆమే.

అందరి కొట్లూ నడిపించే చెయ్యి సొంత కొట్టు పెడితే టెక్కలినే కొనేస్తుందని జనం ఎక్కించారు. సెల్‌ఫోన్ల షాపు పెట్టమని ఒకరు, బిర్యానీ పాయింటని ఇంకొకరు. ఏది పెట్టినా ఏసీ మాత్రం పెట్టించమని ఏసీలు బాగుచేసేవాడు. భాను ఒక్కటే అంది, మనకి తెలిసింది చేపలే, ఒక్క గది చాలు, సంతకి దగ్గర్లో ఉండాలి అని. ధనరాజు సరేనన్నాడు గాని లోపల ఒక భయం పట్టుకుంది. సొంత కొట్టు మూతపడితే పోయేది పెట్టుబడి ఒక్కటే కాదు. తన కొట్టే నిలబెట్టుకోలేని చేతిని ఇంకే కొట్టువాడు పిలుస్తాడు? పదిహేనేళ్ల పేరు ఒక్క షట్టర్‌తో పాటు కిందికి దిగిపోతుంది.

అందుకని గట్టి ముహూర్తం పెట్టించాడు. వందేళ్లకి ఒకసారి వచ్చే ముహూర్తమట. పెట్టేది ఏ కొట్టని సిద్ధాంతి అడగలేదు, ఇతను చెప్పలేదు. తీరా చూస్తే అది కార్తీక సోమవారం.

ఆ రోజు మాజీ సర్పంచి కృష్ణారావు గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రిబ్బను కత్తిరించారు. పావుకిలో రొయ్యలు తీసుకోండని ధనరాజు వంగి వంగి అడిగితే, ఇవాళ ఆ పొట్లం ముట్టుకుంటే రావివలస మల్లికార్జునుడు తనని గుడి మెట్టు కూడా ఎక్కనివ్వడని చెప్పి కారెక్కేశారు. ఉపవాసం ఉన్నవాళ్లు అదే దారి పట్టారు. లేనివాళ్లు అంతకంటే వేగంగా పట్టారు. రేపు ఈ కొట్టు మునిగితే బోణీ చేసిందెవరని ఊరు తవ్వి తీస్తుందని వాళ్లకి తెలుసు.

పొద్దు వాలింది. తెరిచిన రోజే బోణీ లేకుండా మూస్తే అంతే సంగతి. అప్పుడు రోడ్డు అవతల మూటలు మోసే నూకయ్య కనపడ్డాడు. అతను చెప్పులకొట్టులో బోణీ చేసిన వారానికి తుఫానొచ్చి ఆ కొట్టు కప్పు ఎగిరిపోయింది. కప్పు ఒడిశాలో దొరికిందని కొందరు, దొరకనే లేదని కొందరు. అప్పట్నుంచి పొద్దున్న పది దాటేదాకా అతనికి ఎవరూ అగ్గిపెట్టె కూడా అమ్మరు.

“పావుకేజీ నెత్తళ్లు గావాల సెల్లీ,” అన్నాడు నూకయ్య అవతల్నుంచే, కాటా దగ్గరున్న భానుతో. “రానా, ఇక్కడే ఉండిపోనా?”

ధనరాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “ఇయాలే దొరికిందేటిరా నీకు? రేపు రా.”

“రేపూ అదే సెప్తావు గదా బావ. ఇంట్లో కూడొండి ఉంచినాను, నంజుకోడానికి ఏటీ నేదు. సోమారమైనా ఆకలేత్తాది మరి.”

“తప్పుకో మావా,” అంది భాను. “పొద్దున్నించి ఈగ తప్ప మరేటీ వాలనేదు. కొనడానికొచ్చినోడిని ఎనక్కి పంపితే అదేం కొట్టు? రా అన్నా.”

తూచింది, తూకం పైన ఇంకో గుప్పెడు వేసింది. నూకయ్య పొట్లం రెండు చేతులా పుచ్చుకున్నాడు. ధనరాజు పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

కార్తీకం అంతా కొట్టులో కదలిక లేదు. పరువుండగానే మూసేసి, ఎవరికో అమ్మేశామని చెబుదామన్నాడు ధనరాజు. భాను వినిపించుకుంటే కదా. కొనేవాళ్లు లేక ఒడ్డున చేప చవగ్గా పోతోంది. మిగతా వ్యాపారస్తులు సెలవు పుచ్చుకుంటే ఆమె గంపలకి గంపలు కొంది. ఇసకలో పోయకుండా కర్రలకి వలలు కట్టి వాటి మీద ఎండబెట్టింది.

పోలిపాడ్యమి దీపాలు నీళ్లలో వదిలిన మర్నాడు టెక్కలి జనం నెల్లాళ్ల ఆకలితో చేపల మీద పడ్డారు. సరుకున్న కొట్టు ఇదొక్కటే. పైగా పంటికి ఇసక తగలని నెత్తళ్లు. ఆ రోజు వరస కోటబొమ్మాళి దాకా పోయిందంటారు. అంత కాకపోయినా, మలుపు దాటింది. తూకం సరిగ్గా ఉంది గనక వచ్చినవాళ్లు మళ్లీ వచ్చారు. సంక్రాంతి కాకముందే పక్క గది కూడా తీసుకున్నారు.

ఇదంతా ఎలా జరిగిందని ఊరు ఆలోచించింది. వలలు ఎవరికీ కనపడలేదు, చవగ్గా కొన్న సంగతి తట్టలేదు. తేలిందల్లా ఒక్కటే, ఆ కొట్టుకి బోణీ చేసింది నూకయ్య. చెప్పులకొట్టు పోవడం కూడా మంచికే జరిగిందట, ఆ స్థలం రేటు తర్వాత పెరిగిందట. ఇప్పుడు నూకయ్య మూటలు మొయ్యడం లేదు. తలకి వాసన నూనె రాసుకుని పొద్దున్నే బజారంతా తిరుగుతున్నాడు.

మొన్న కంచిలి నుంచి ఢిల్లీరావు అనే కుర్రాడు, భాను పిన్ని కొడుకు, కొట్టుకొచ్చాడు. జీడిపప్పు దుకాణం పెడుతున్నానని చెప్పగానే ధనరాజు లేచి చొక్కా సర్దుకున్నాడు. చాన్నాళ్లకి బోణీకి పిలవడానికి ఒకడొచ్చాడు.

“ముందు ఒక మాట ఇను,” అన్నాడు. “ముహూర్తం సూసే ముందు జనం ఏ నెల్లో ఏటి తింతారో సూడు. ఎవుళూ కొననప్పుడు నువ్వు కొను. నీ సేతికి తెలిసిన సరుకే అమ్ము. తూకం కాడ మాత్రం...”

ఇవన్నీ ఎవరి మాటలో మధ్యలో గుర్తొచ్చి భాను వైపు చూశాడు. ఆమె కాటాలో రాళ్లు సర్దుకుంటోంది.

ఢిల్లీరావు ఓపిగ్గా విన్నాడు. “అదంతా తరవాత సూసుకుందుం బావ. నూకయ్య నెంబరు నీ కాడుంటాదన్నారు.”

ధనరాజు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఫోను తియ్యకుండానే పది అంకెలూ అప్పజెప్పాడు.

“పొద్దున్న ఏడు దాటితే దొరకడు,” అన్నాడు. “బేగి ఫోన్ సెయ్యి.” తర్వాత కూర్చుని కొత్త రొయ్యల బస్తా మూతి విప్పసాగాడు.