ఒఫీలియా ఆంటీ, నాలుగు కొబ్బరి ముక్కలు

మొన్న ఆఫీస్ పార్కింగ్‌లో ఎవరో చుట్ట వెలిగించారు. ఫ్లోరిడాలోని టాంపాలో అదేం వింత కాదు, ఈ ఊరు ఒకప్పుడు చుట్టల మీదే బతికింది. కానీ ఆ వాసన తగలగానే నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఏసీ చలి అని సర్దిచెప్పుకుందామంటే మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఉన్నాను.

అది ఒఫీలియా ఆంటీ వాసన. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళింటి వెనక గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. ఆవిడ క్యూబా మనిషి, పెళ్ళిగౌన్లు కుట్టి కుట్టి రిటైరయ్యారు. ఆవిడ మతం సాంతెరియా. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు, తమ దేవుళ్ళను క్రైస్తవ సాధువుల పేర్ల వెనక దాచిపెట్టి క్యూబాలో కాపాడుకున్న మతం అది. హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద నీళ్ళ గ్లాసులు ఉండేవి. మొదటిరోజే దాహమేసి ఒక గ్లాసు మీద చెయ్యి వేశాను.

“అది మా అమ్మది,” అన్నారు. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది.

“సారీ ఆంటీ. ఆవిడకి కుళాయి నీళ్ళు పడతాయా, ఫిల్టర్ వాటరా?”

ఎదుటివాళ్ళు సీరియస్‌గా ఉంటే నా నోరు ఊరుకోదు. ఆవిడ కోప్పడలేదు. జోకులు వేసుకో నీన్యో, వేస్తూనే ఆ నీళ్ళు మార్చు, అన్నారు. నీన్యో అంటే పిల్లాడా అని. అలా ముఖం తెలియని క్యూబా పెద్దలకు నీళ్ళు మార్చడం నా డ్యూటీ అయింది. ఆఫీసులో కన్నా అక్కడే నా పనికి మెప్పు దొరికేది.

అలా ఉండగా ఆవిడ గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ చేయించుకోకపోతే ఎక్కువ కాలం లేదని, చేయించుకున్నా ఈ వయసులో పూచీ లేదని డాక్టర్ చెప్పాడు. కూతురు ఐరిస్ బతిమాలింది, ఏడ్చింది, మాట్లాడటం మానేసింది. ఆంటీది ఒకటే మాట, అమ్మని అడగాలి. అడిగేది కొబ్బరితో. నాలుగు ముక్కలు నేల మీద వేస్తారు. రెండు కండ ఉన్న తెల్లవైపు, రెండు వెనక నల్లవైపు పైకి పడితే గట్టి అవును. నాలుగూ నల్లగా పడితే కాదు, పైగా పోయినవాళ్ళెవరో ఏదో చెప్పదలుచుకున్నారని అర్థం. అవును రాకపోతే సంతకం పెట్టేది లేదన్నారు.

కొబ్బరికాయల పని నాది. ఇండియన్ స్టోర్ నుంచి రెండు తెచ్చాను. ఆ మధ్యాహ్నం ఫ్లోరిడా అలవాటు ప్రకారం ఆకాశం నల్లబడింది. నేను మన పద్ధతిలో పీచు పీకి, వెనక మెట్టుకేసి ఠప్పున కొట్టాను. రెండు చిప్పలూ సమంగా విడిపోయాయి. గర్వంగా తలెత్తితే తల్లీకూతుళ్ళిద్దరూ నేనేదో హత్య చేసినట్టు చూస్తున్నారు. వాళ్ళకి కొబ్బరి కూడా ఒక దేవుడే. చేతిలో పట్టుకుని సుత్తితో కొట్టాలి గానీ నేలకేసి కొట్టకూడదట. మా ఊళ్ళో ఈ నేరం గుడి ముందే చేస్తారని చెప్పి, రెండో కాయ సుత్తితో కొట్టాను. వేలు కూడా కొట్టుకున్నాను.

ఆంటీ చుట్ట వెలిగించి, తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకున్నారు. ఇవతలి కొస నుంచి పొగ బల్ల మీదికి సాగింది. నా నవ్వు ఆగిపోయింది. అలా కాల్చే మనిషిని నేను అంతకుముందు ఒక్కరినే చూశాను, శ్రీకాకుళంలో మా నాయనమ్మని. అడ్డపొగ అంటారు. నాయనమ్మ నా చిన్నప్పుడే పోయింది.

ఆంటీ స్పానిష్‌లో ఏదో గొణిగి ముక్కలు వేశారు. నాలుగూ నలుపే. ఐరిస్ గోడకి ఆనుకుని కూలబడింది. పెళ్ళిచూపులకైనా రెండో ఛాన్స్ ఉంటుందన్నాను. ఆంటీ ముక్కలు ఏరుకుని మళ్ళీ వేశారు. మళ్ళీ నలుపే. ఆంటీ తలెత్తి, నా భుజం మీదుగా వంటింటి గుమ్మం వైపు చూశారు.

“మా అమ్మకి అడ్డంగా ఎవరో నిలబడ్డారు నీన్యో. ముసలావిడ. నాలాగే కాలుస్తోంది.”

నేను వెనక్కి తిరగలేదు. సైన్స్ ప్రకారం తిరగాల్సిన అవసరం లేదు.

“మా వాళ్ళందరికీ నీళ్ళు పోస్తావు. ఆవిడకి ఎప్పుడైనా పోశావా?”

నా మొహం చూసి పసిగట్టి ఉంటారు. లేదా నేనే ఎప్పుడో వాగి ఉంటాను, నేను వాగని విషయాలు తక్కువ. ఇంకో గ్లాసు నింపి బల్ల మీద పెట్టాను. సగం నీళ్ళు గుడ్డ మీదే పడ్డాయి. పేరు చెప్పమన్నారు. అప్పలనరసమ్మ, అన్నాను. బయట ఉరిమింది, కరెంటు పోయింది. ఉరిమితే ఆ వీధిలో ఎప్పుడూ పోతుంది. కానీ ఆ చీకట్లో నాకు వచ్చింది ఆంటీ చుట్ట వాసన కాదు. ఇంకా ఘాటైనది, నాటుపొగాకుది.

ముక్కలు మళ్ళీ పడిన చప్పుడైంది. ఐరిస్ ఫోన్ లైట్ వేసింది. రెండు తెలుపు, రెండు నలుపు.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు.

“అక్కడ మీ నాయనమ్మ కనబడితే ఏం చెప్పమంటావు?”

“సాయంత్రానికి బయటికొచ్చేస్తారుగా ఆంటీ.”

“అది సరే. ఏం చెప్పమంటావు?”

ఎంత వెతికినా ఒక్క జోకూ దొరకలేదు. “అన్నం తిన్నదేమో అడగండి,” అన్నాను.

ఆంటీ బయటికి రాలేదు. ఆ అవును అబద్ధమా అని కొన్నాళ్ళు కొబ్బరి మీద కోపం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఐరిస్ చెప్పింది, కొబ్బరి వేసిన రోజు ఆంటీ స్పానిష్‌లో అడిగింది బతుకుతానా అని కాదట. రావాల్సి వస్తే ఎదురొస్తావా అమ్మా, అని.

నేను ఇలాంటివి నమ్మను. కానీ కబురంటూ ఒకటి పంపాను, ఒఫీలియా ఆంటీ అప్పజెప్పిన పని మరిచిపోయే మనిషి కాదు. చుట్ట వాసన తగిలినప్పుడల్లా జవాబు వస్తుందేమోనని భయం. రాదేమోనని అంతకన్నా భయం.