సింగయ్య ఎర్తు

బాపట్ల తవుడు నూనె మిల్లులో వైర్‌మన్ సింగయ్యను అందరూ ఎర్తు సింగయ్య అనేవారు. మోటారుకు ఎర్తు, స్విచ్చుబోర్డుకు ఎర్తు. వదిలేస్తే మేనేజరు కుర్చీకి కూడా ఎర్తు కొడతాడని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడాయన. వాళ్ల అన్న గంగరాజు సముద్రంలో వేట మానేసి, రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీలో చేరి, తడి చేత్తో మోటారు ముట్టుకుని అక్కడికక్కడే పోయాడు. లీకైన కరెంటును నేలలోకి దించే ఎర్తు తీగ ఆ మోటారుకు లేదు. ఆ తర్వాతే సింగయ్య తెనాలి వెళ్లి, మోటార్లు చుట్టే షాపులో పని నేర్చుకున్నాడు. తాను చేసిన వైరింగు దగ్గర ఇంకొకడు పోకూడదన్నది ఆయన పంతం.

డెబ్బై ఆరులో మిల్లుకు బొంబాయి నుంచి ట్రాన్స్‌మిటర్ వచ్చింది. దాన్ని నూనె ట్యాంకుకు బిగిస్తే, లోపల నూనె ఎంతుందో దూరాన ప్యానెల్లో ముల్లు చూపిస్తుంది. దానికి రెండే తీగలు. ప్యానెల్లోని ఇరవై నాలుగు వోల్టుల సప్లై నుంచి కరెంటు ఒక తీగలో వెళ్లి, ట్రాన్స్‌మిటర్ గుండా రెండో తీగలో తిరిగొచ్చి, మీటరులోంచి మళ్లీ సప్లైకి చేరాలి. ట్యాంకు ఖాళీగా ఉంటే నాలుగు మిల్లీ ఆంపియర్లు, నిండితే ఇరవై. దాన్ని నడిపే కరెంటూ అదే, అది పంపే కబురూ అదే. ఇంజనీరు శ్రీనివాసరావు ఇదంతా విప్పి చెప్పి, ఈ తీగకు ఎర్తు ప్యానెల్ దగ్గర ఒక్కచోటే ఉండాలని, ట్యాంకు దగ్గర వద్దే వద్దని మరీ మరీ హెచ్చరించాడు.

సింగయ్య తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు! కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఉప్పుగాలి, ఇనప ట్యాంకు, పైగా అక్కడ ఎర్తు లేని తీగ. ఆయన చెయ్యి ఒప్పలేదు. ఎవరూ చూడకుండా ఆ తిరుగు తీగను ట్యాంకు దగ్గర కూడా భూమిలోకి దించేశాడు.

ఎండాకాలం నేల ఎండిపోయి ఉండడంతో తేడా తెలియలేదు. వానలు పడి నేల నానాక, కరెంటులో కొంత మీటరు దాకా పోకుండా అడ్డదారిన నేలలోంచే సప్లైకి చేరిపోయింది. ముల్లు సగం దగ్గర ఆగింది. ట్యాంకేమో పొర్లి నూనె కాలవ కట్టింది. పంపు చూసే దేవసహాయం నిద్రపోయాడని మేనేజరు అతన్ని పనిలోంచి తీసేయబోయాడు. ముల్లు సగమే చూపించిందని అతను ఎంత మొత్తుకున్నా వినేదెవరు?

సింగయ్య విన్నాడు. ఇది తన ఎర్తు చేసిన పనేనని తెలిసిపోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. మేనేజరునీ ఇంజనీరునీ ప్యానెల్ ముందు నిలబెట్టి, తాను ట్యాంకు దగ్గరికి వెళ్లి తన ఎర్తు తీగ విప్పాడు. ముల్లు సగం నుంచి ఒక్కసారిగా నిండుకు ఎగిరింది. దేవసహాయం పని దక్కింది.

తిట్టడానికని శ్రీనివాసరావు ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి, సింగయ్య విప్పిన తీగ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదేనండి. కానీ ఎర్తు లేకుండా వదిలేస్తే, రేపెవడన్నా తడి చేత్తో ముట్టుకుంటే ఏంటి సార్?"

గంగరాజు సంగతి మిల్లులో తెలియనిది ఎవరికి? శ్రీనివాసరావు తిట్టడం మాని, పక్కనున్న వాననీళ్లలో చెయ్యి ముంచి, ట్రాన్స్‌మిటర్ తీగలు విప్పి, వాటి కొనలు రెండూ ఆ తడి చేత్తోనే పట్టుకున్నాడు. సింగయ్య కళ్లు మూసుకున్నాడు. ఏమీ కాలేదు.

"ఇరవై నాలుగు వోల్టులేనయ్యా, మనిషిని ఏమీ చెయ్యదు. నువ్వూ పట్టుకో సింగయ్యా."

సింగయ్య పట్టుకున్నాడు. చీమ కుట్టినట్టు కూడా లేదు. వదలకుండా అలాగే పట్టుకుని ఏడ్చేశాడు.

"ఇంత తక్కువ కరెంటుతో జరిగే పనులు కూడా ఉన్నాయాండి? మా అన్నకి ఇలాంటి పని దొరికుంటే బాగుండేదండి."